జాగ్రత్త: పిక్కల నొప్పికి ‘68 నంబరు జపాన్ పొడి’ అమ్ముతున్న ఆయన దగ్గర దయచేసి కొనకండి

టోక్యోలోని నిషికసాయి చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలకు ‘జపాన్ మూలికలు’ సరఫరా చేసే ఆ పెద్దమనిషి ఎవరో మీకు వేరే చెప్పనవసరం లేదు. పేరు రాయడం లేదు, రాయకపోయినా పోల్చుకుంటారు. ఆయన ఇచ్చిన పొడి వేసుకుని మా అమ్మ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి నిన్న సాయంత్రమే ఇంటికి వచ్చింది. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను గాని, అది చల్లారేటట్టు కనిపించడం లేదు.

అమ్మకు 71 ఏళ్ళు. తెనాలి నుంచి 90 రోజుల వీసా మీద వచ్చింది. రాత్రి పూట పిక్కలు పట్టేసి, మంచం మీద లేచి కూర్చుని కాళ్ళు నొక్కుకునేది. ఆమె వేసుకునే బీపీ మాత్రలో క్లోర్థాలిడోన్ ఉంది, అంటే ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపించే మందు. ఈ సంగతి నేను ఆయనకు మొదటి ఫోనులోనే చెప్పాను. చెప్పానన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికివస్తుంది. దానికి ఆయన, “చెల్లెమ్మా, ఇది మందు కాదు, జపాన్ వాళ్ళ ఆయుర్వేదం. ఇందులో ఉన్నది మన అతిమధురమే. దగ్గొస్తే మీ నాయనమ్మ బుగ్గన పెట్టుకునే పుల్ల అది” అన్నారు. ఫోను అమ్మకు ఇమ్మని, “పిన్నిగారూ, పది నిమిషాల్లో నొప్పి పోకపోతే డబ్బు వాపసు” అని కూడా అన్నారు. రోజుకు మూడు చొప్పున రెండు నెలలకు 180 పొట్లాలు, 24,000 యెన్‌లు. ఆ పొట్లాలకు మందుల షాపు సంచి గాని, సూచనల కాగితం గాని లేవు. రబ్బరు బ్యాండు వేసిన కట్టలుగా వచ్చాయి, ఒక్కొక్క పొట్లం మీద 68 అనే అంకె ఉంది. అది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు అని, ఎవరికో రాసిన మందు మా ఇంటికి చేరిందని నాకు తట్టలేదు. ఆరేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ, పెరుగు డబ్బా మీద తేదీ చూడనిదే బుట్టలో వేయని మనిషిని నేను.

ఆ పొడి పేరు షకుయకు-కంజో-తో. షకుయకు అంటే పియొనీ మొక్క వేరు, కంజో అంటే అతిమధురం, తో అంటే కషాయం. సుమారు 1,800 ఏళ్ళ కిందటి చైనా వైద్యం నుంచి జపాన్ కంపో వైద్యంలోకి వచ్చిన యోగం ఇది. ఇక్కడి ఆసుపత్రులలో దీన్ని నిజంగానే వాడతారు. పిక్కలు పట్టేసినప్పుడు, డయాలిసిస్ జరుగుతుండగా కండరాలు బిగుసుకుపోయినప్పుడు, లివర్ సిరోసిస్ ఉన్నవారికి వచ్చే కండరాల నొప్పులకు, నెలసరి నొప్పికి, మూత్రంలో రాళ్ళ వల్ల వచ్చే నొప్పికి ఇస్తారు. ఆయన చెప్పిన పది నిమిషాల మాట కూడా అబద్ధం కాదు. మొదటి రాత్రి అమ్మ ఒక పొట్లం వేసుకుని, గోడ గడియారం చూస్తూ చూస్తూనే నిద్రపోయింది. మేము పడిపోయింది అక్కడే.

చాలా కంపో మందులలో అతిమధురం ఏడెనిమిది మూలికల మధ్య ఒకటిగా, రోజుకు ఒకటి రెండు గ్రాముల లెక్కన ఉంటుంది. ఇందులో ఉన్నవే రెండు మూలికలు కాబట్టి రోజుకు మూడు పొట్లాలు వేసుకుంటే 6 గ్రాముల అతిమధురం నుంచి తీసిన సారం ఒంట్లోకి వెళ్తుంది. అందులోని గ్లిజరైజిన్ మూత్రపిండాలలో కార్టిసాల్ అనే హార్మోనును అదుపు చేసే ఎంజైమును అడ్డుకోవడం వల్ల, ఆ కార్టిసాల్ ఆల్డోస్టిరోన్ హార్మోను చేసే పనిని మీదేసుకుని ఉప్పునూ నీటినీ నిలవ చేసి పొటాషియంను బయటికి తోసేస్తుంది. దాంతో బీపీ పెరుగుతుంది, కాళ్ళు నీరు పడతాయి, కండరాలు నీరసిస్తాయి. క్లోర్థాలిడోన్ కూడా పొటాషియంను బయటికే పంపుతుంది కాబట్టి అమ్మకు రెండు వైపుల నుంచీ నష్టమే జరిగింది. ఇదంతా ఇప్పుడు గడగడా చెప్పగలుగుతున్నాను, ఆసుపత్రి కుర్చీలో కూర్చుంటే చదువు బాగానే వస్తుంది.

పొటాషియం పడిపోతే కండరాలు మళ్ళీ పట్టేస్తాయి. మూడో వారంలో సరిగ్గా అదే జరిగింది. అమ్మ పాదాలు ఉబ్బాయి, పిక్కల్లో ఉండే నొప్పి తొడల దాకా పాకింది. ఆయనకు ఫోను చేస్తే, ఏమాత్రం తడుముకోకుండా, “దీన్ని జపనీయులు మెంకెన్ అంటారు చెల్లెమ్మా. వ్యాధి బయటికి పోయే ముందు ఒకసారి ఎక్కువవుతుంది. మందు పట్టిందనడానికి అదే గుర్తు, రోజుకు అయిదు వెయ్యండి” అన్నారు. మెంకెన్ అనే మాట కంపోలో నిజంగానే ఉంది. ఉన్న మాటను లేని చోట వాడితే ఎంత ధీమాగా వినిపిస్తుందో ఆ రోజు తెలిసింది. నేను అయిదు పొట్లాలు వేశాను. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, “తాగేయమ్మా, పట్టిందట” అంటూ నా చేతులతోనే ఎనిమిది రోజులు తాగించాను.

తొమ్మిదో రోజు ఉదయం అమ్మ బాత్రూములో కూర్చున్న చోటి నుంచి లేవలేకపోయింది. ఆసుపత్రిలో బీపీ 182/104, రక్తంలో పొటాషియం 2.3. అది కనీసం 3.5 ఉండాలి. గుండె లయ తేడాగా ఉందని వెంటనే మానిటరు పెట్టారు. నా చేతిలో 68 అంకె చూసిన డాక్టరమ్మ రోజుకు ఎన్ని అని అడిగింది, నేను అయిదు వేళ్ళు చూపించాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తాము కూడా ఇది రాస్తామని, పెద్దవాళ్ళకయితే తరచుగా రాత్రికి ఒక పొట్లంతో, కొద్ది రోజులకే రాస్తామని, నీరు తీసే మందు వేసుకునేవారికి ఇవ్వాల్సి వస్తే పొటాషియం చూసుకుంటూ ఉంటామని నెమ్మదిగా చెప్పింది. ఆమె గొంతులో తిట్టు లేకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అసలు ఈ పోస్టు రాయించినది ఆసుపత్రి వరండాలోంచి నేను చేసిన ఫోను. డబ్బు అడగడానికి చేయలేదు. మిగతావాళ్ళకు అమ్మడం ఆపమని చెబుదామని చేశాను. పొటాషియం సంగతి చెప్పగానే ‘చెల్లెమ్మ’ మాయమై ‘మేడమ్’ వచ్చింది. “మీ అమ్మగారికి బీపీ ఉందని మీరే ముందు చెప్పారు కదా మేడమ్. అంటే మీకు తెలిసే కొన్నారు, బాధ్యత మీది” అన్నారు. ఆయన జాగ్రత్త పడాలని నేను చెప్పిన మాటను నాకే చీటీలా తిరిగి అంటించారు. మెంకెన్ మాటేమిటని అడిగితే, “నేను డాక్టరును కాను మేడమ్, పొట్లాలు అందించేవాణ్ణి” అన్నారు. ఎనిమిది రోజుల కిందట మోతాదు పెంచినప్పుడు మరి ఎవరో నాకు తెలియదు. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్నేమో. ఒక్క క్షణం ఆగి, “మిగిలిన పొట్లాలు చింపలేదు కదా? సగం ధరకు వెనక్కి తీసుకుంటాను, ఇంకొకరు అడుగుతున్నారు” అన్నారు. లోపల మా అమ్మ మానిటరు మోగుతోంది, ఈయన తదుపరి పిన్నిగారి కోసం సరుకు సమకూర్చుకుంటున్నారు. నేను నోరు తెరిచేలోపు ఫోను పెట్టేశారు, ఆ తర్వాత నా నంబరును బ్లాకు చేశారు.

నిన్న ఇంటికి వస్తూ దారిలో ఒక మందుల దుకాణంలో ఆగి, ఇదే యోగం చీటీ లేకుండా అమ్మే పెట్టె చేతిలోకి తీసుకుని, ఫోనులో అనువాదం పెట్టుకుని చదివాను. గుండె జబ్బు ఉన్నవారు వాడకూడదని, బాధ ఉన్నప్పుడు మాత్రమే వేసుకోవాలి గాని వరుసగా వాడకూడదని దాని మీద అచ్చువేసి ఉంది. 24,000 యెన్‌లు పోసి నేను కొన్న కట్టల్లో లేనిది ఆ రెండు వాక్యాలే.

నేను కంపోను తిట్టడం లేదు. 1976 నుంచి ఇక్కడి ఆరోగ్య బీమాలో విస్తృతంగా ఉన్న వైద్యం అది. మందు అన్నాక మందులాగే చూడాలి, అంతే. షో-సైకో-తో అనే మరో కంపో మందు వాడినవారిలో ఊపిరితిత్తుల జబ్బు వచ్చి 10 మంది చనిపోయారని 1996లో ఈ దేశపు ఆరోగ్య శాఖ అత్యవసర హెచ్చరిక జారీ చేయించింది. ‘మూలికలకు దుష్ఫలితాలు ఉండవు’ అనే మాట జపాన్‌లో చెల్లక మన దగ్గరికి వచ్చిందేమో. మందుల దుష్ఫలితాల బాధితులకు పరిహారం ఇచ్చే పథకం కూడా ఇక్కడ ఉంది, కాని అది మందును సరైన పద్ధతిలో వాడినవారికే. లైసెన్సు లేని మనిషి దగ్గర కొని రోజుకు అయిదు పొట్లాలు తాగించిన కూతురు దానికి ఏ ముఖం పెట్టుకుని దరఖాస్తు చేస్తుంది? అమ్మకు ఇక్కడి బీమా లేదు, బిల్లు మొత్తం మాదే.

ఇక్కడ లైసెన్సు లేకుండా మందులు అమ్మడం నేరం. ఫిర్యాదుకు మీ వార్డు హోకెన్‌జో, అంటే ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయం, ఉంది, ఎటు వెళ్ళాలో తోచకపోతే వినియోగదారుల నంబరు 188 ఉంది. మిగిలిన 80 పొట్లాలు వంటింటి పై అరలో పెట్టాను, సోమవారం హోకెన్‌జోకు తీసుకువెళ్తున్నాను. ఆయన దగ్గర ఈ 68 కొని ఇంట్లో పెద్దవాళ్ళకు ఇస్తున్నవారు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి పొట్లం వేయకండి. పాదాలు వేలితో నొక్కి చూడండి, గుంట పడుతోందేమో. కాళ్ళలో బలం తగ్గినా, గుండె దడగా ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు. ఏమీ లేకపోయినా రేపు రక్తంలో పొటాషియం చూపించండి. డాక్టరు దగ్గరికి ఆ పొట్లం తీసుకువెళ్ళండి, రోజుకు ఎన్ని వేశారో దాచకుండా చెప్పండి.