1.40 వోల్టుల మీద మూడేళ్లు: నా ప్రాసెసర్ ఎలా అరిగింది

విశాఖ ఎంవీపీ కాలనీలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. 2019లో సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్న వారానికే బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవగానే నడిచే మూల సెట్టింగులు) వెళ్లి ప్రాసెసర్ కోర్లన్నిటినీ 4.6 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి లేపాను. 1.20 వోల్టులతో నడిచే చిప్, అక్కడ నిలబడడానికి 1.40 అడిగింది. ఇచ్చాను. పెద్ద కూలర్ ఉందిగా అని ధీమా.

రెండున్నరేళ్లు ఏ ఇబ్బందీ లేదు. అసలు చిక్కంతా అదే. వోల్టేజీ ఎక్కువైతే పొగ వస్తుందనుకుంటాం. వచ్చి ఉంటే ఒక్కరోజులో తెలిసిపోయేది. 2022 మే నెల, విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే, ఏసీ వేయకపోతే రెండర్‌లో, అంటే ఎడిట్ చేసింది తుది వీడియోగా తయారయ్యేటప్పుడు, ప్రాసెసర్ 95 డిగ్రీలు తాకేది. ఒక రాత్రి జీలకర్ర బెల్లం దాకా వచ్చి ఎక్స్‌పోర్ట్ ఆగిపోయింది. మళ్లీ పెడితే తలంబ్రాల దగ్గర బ్లూ స్క్రీన్. విండోస్ మళ్లీ ఎక్కించాను, ర్యామ్ మార్చాను. ద్వారకానగర్‌లో ఒక షాపు అబ్బాయి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) పోయిందంటే అదీ మార్చాను. ప్రాసెసర్ మీద మాత్రం అనుమానమే రాలేదు.

గుట్టు విప్పింది సెవెన్ జిప్, కుదించిన ఫైళ్లు విప్పే సాఫ్ట్‌వేర్. ఒకే ఫైలు ఒకసారి బాగానే విప్పి, ఇంకోసారి సీఆర్‌సీ ఎర్రర్, అంటే డేటా సరిపోలడం లేదు, అంటోంది. బయాస్‌ని డీఫాల్ట్‌కి తెచ్చాక ఎర్రర్లన్నీ మాయం.

చిప్‌లోని సన్నటి రాగి తీగల్లో కరెంటు జోరుకి లోహపు పరమాణువులే కొద్దికొద్దిగా జరిగిపోతాయి. దీన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. వేడి తోడైతే మరీ త్వరగా. అప్పుడు అదే వేగానికి ఇంకాస్త వోల్టేజీ కావాలి, ఇస్తే అరుగుదల ఇంకా పెరుగుతుంది. నేను చేసిన మరో తెలివితక్కువ పని లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ని (లోడ్ పడ్డప్పుడు వోల్టేజీ పడిపోకుండా ఆపే సెట్టింగు) చివరి మెట్టులో పెట్టడం. లోడ్ హఠాత్తుగా తగ్గినప్పుడు వోల్టేజీ మనం పెట్టిన అంకె దాటి ఎగురుతుంది. క్షణంలో సగం కూడా ఉండదు కాబట్టి మామూలు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి దొరకదు.

ఇంతా చేసి గంట రెండర్‌లో మిగిలింది మహా అయితే అయిదు నిమిషాలు. పవర్ ఏమో వోల్టేజీ వర్గాన్నీ, వేగాన్నీ బట్టి పెరుగుతుంది, లెక్కేస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు.

నాది స్వయంకృతం. ఏమీ ముట్టుకోనివాళ్లకీ ఈ తిప్పలు తప్పలేదు. 13, 14వ తరం కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల అస్థిరతకి అధిక వోల్టేజీ కారణమని 2024లో ఇంటెలే చెప్పి, మైక్రోకోడ్‌తో (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్, బయాస్ అప్‌డేట్‌తో వస్తుంది) 1.55 వోల్టుల దగ్గర కళ్లెం వేసింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అవి ఉన్నవాళ్లు ముందు బయాస్ అప్‌డేట్ చేసుకోండి. అప్పటికే అరిగింది మాత్రం అప్‌డేట్‌తో తిరిగి రాదు.

నా చిప్ ఇంకా నడుస్తోంది, 4.6 దగ్గరే. కొన్నప్పుడు 1.20తో సరిపెట్టుకున్నది ఇప్పుడు 1.27 ఇవ్వనిదే ఒక్క పెళ్లీ పూర్తి చేయడం లేదు.