రససిద్ధుల గుట్ట నుంచి పెన్న ఒడ్డుకు: రెండు రోజుల జైన యాత్ర

కొనకొండ్ల, దానవులపాడు అనే రెండు పాత జైన క్షేత్రాలు చూడాలని నేనూ మా తమ్ముడూ కర్నూలులో రైలెక్కి, డోన్ మీదుగా గుంతకల్లు చేరేసరికి రాత్రయింది. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిలకు కొదవ లేదు. కానీ అది పెద్ద జంక్షన్, రైళ్ల కూతలతో రాత్రంతా కంటికి కునుకు పట్టదు. అందుకే ఆటో మాట్లాడుకుని కసాపురం వెళ్లిపోయాం. నెట్టికంటి ఆంజనేయస్వామి దేవస్థానం గదిలో మంచం, ఫ్యాను, బకెట్టు తప్ప మరేమీ లేవు గానీ శుభ్రంగా ఉంది. మంగళవారం, శనివారం భక్తుల రద్దీ ఎక్కువ కాబట్టి ఆ రెండు రోజులూ తప్పించి వెళ్లండి.

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. బొరుగులు మరీ మెత్తబడకుండా, పైన పప్పుల పొడి చల్లి వేడివేడిగా పెట్టారు. రెండు ప్లేట్లు కట్టించుకున్నాం కూడా. అది మంచి పనైంది, ఎందుకంటే కొనకొండ్ల గుట్ట దగ్గర టీ కొట్టు కూడా లేదు.

కొనకొండ్ల అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలో, గుంతకల్లు నుంచి ఉరవకొండ పోయే దారిలో ఉంటుంది. తొలకరి పడగానే వజ్రాలు వెతికే జనంతో ఈ చుట్టుపక్కల చేలు నిండిపోతాయి. మేం వెళ్లింది చలికాలం కాబట్టి పచ్చటి శనగ చేలు తప్ప మనుషులే కనపడలేదు. ఈ ఊరి పాత పేరు కొండకుంద. దిగంబర జైనులు మహావీరుడి తర్వాత ఎంతో భక్తితో తలుచుకునే కుందకుందాచార్యుడికి ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. ఆయన అసలు పేరు పద్మనంది. ఆత్మ గురించి చెప్పే సమయసారం అనే జైన గ్రంథాన్ని ప్రాకృతంలో రాసింది ఆయనే. ఇంత పెద్ద పేరున్న ఊళ్లో గుట్టకు దారి చూపే బోర్డు ఒక్కటీ మాకు కనిపించలేదు.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన్ని అడిగాం. “యాడ నుంచి వస్తిరి?” అని అడిగి, కర్నూలంటే తలూపి, “రససిద్ధుల కాడికేనా? ఇట్లే పోండి, చెప్పులు మాత్రం కిందే ఇడ్సండి” అన్నాడు. ఆ చివరి మాట నాకు చాలా నచ్చింది. ఆయన దృష్టిలో అది శిథిలం కాదు, గుడి.

గుట్ట పెద్ద ఎత్తేమీ కాదు. అమ్మానాన్నల వయసు వాళ్లయినా మెల్లగా ఎక్కగలరు. పైన రాతి గోడల మధ్య, కప్పు లేని చిన్న గుడి ఉంది. అందులో ఇద్దరు తీర్థంకరులు, అంటే జైనులు కొలిచే గురువులు, చేతులు కిందికి వదిలి కాయోత్సర్గమనే ధ్యాన భంగిమలో నిటారుగా నిలబడి ఉన్నారు. తలల పైన మూడేసి గొడుగులు, పక్కన పరిచారకులు. పెద్ద విగ్రహాలు కావు, కూర్చుంటే కళ్లెదుటికి వస్తాయి. నేను అలాగే కూర్చున్నాను. ఎండకూ వానకూ ముఖాలు కొంచెం అరిగాయి. భుజాల నునుపు మాత్రం నిన్న చెక్కినట్టే ఉంది. పాదాల దగ్గర ఆరిపోయిన పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్ప ముక్క. ఊరివాళ్లకు వీళ్లు తీర్థంకరులు కారు, రసవిద్య, అంటే లోహాన్ని బంగారం చేసే విద్య, తెలిసిన సిద్ధులు. ఇక్కడి జైనం మరుగున పడిపోయింది, పేరు మారిపోయింది, పూజ మాత్రం ఆగలేదు. దీన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఆ పసుపు చేతులే లేకపోతే ఈ విగ్రహాలు ఎప్పుడో ఏ ఇంటి పునాదిలోనో కలిసిపోయేవి.

పక్కనే బండ మీద చెక్కిన జంబూద్వీప చిత్రం ఉంది. జైనులు లోకాన్ని ఊహించుకున్న పటం అది. మొదట మాకు ఏమీ కనపడలేదు. ఎండ ఏటవాలుగా పడ్డాక ఒక్కో గీతా పైకి తేలింది. తమ్ముడు బోర్లా పడుకున్నట్టు వంగి వేలితో గాల్లోనే ఆ గీతల వెంట పోయాడు. ఎవరో ప్రేమికులు తమ పేర్లు కూడా అక్కడే గీకారు. కడుపు తరుక్కుపోయింది. దయచేసి ఫోటో కోసం సుద్దముక్కతో ఆ గీతలు దిద్దకండి, పొద్దున ఏడు, ఎనిమిది మధ్య వెళ్తే ఎండే దిద్ది చూపిస్తుంది.

ఇక్కడి కన్నడ శాసనాల్లో ఒకటి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటిది. ఆయన పాలించింది 1076 నుంచి 1126 వరకు. నాళికబ్బె అనే ఆమె చనిపోయిన భర్త జ్ఞాపకంగా ఇక్కడ చట్ట జినాలయం అనే జైన గుడి కట్టించిందని అందులో ఉంది. ఆ గుడి పోయింది. ఆమె దుఃఖం మాత్రం రాతిలో మిగిలింది. గుట్ట మీద నిలబడితే నాకు కుందకుందాచార్యుడి కంటే ఆమే ఎక్కువ గుర్తొచ్చింది.

సౌకర్యాల విషయానికొస్తే అక్కడ నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు, నీడ అంతంతమాత్రం. ఆడవాళ్లు కసాపురంలోనే అన్నీ చూసుకుని బయల్దేరాలి. మా ఆటో అతను రానూపోనూ మాట్లాడుకున్న డబ్బుకే రెండు గంటలు ఓపికగా ఆగాడు. “నేనూ ఇప్పుడే చూస్తాండా అక్కా” అని మాతో పాటు పైకి వచ్చాడు.

మధ్యాహ్నం రైల్లో ముద్దనూరు, అక్కణ్నుంచి బస్సులో జమ్మలమడుగు. ఫోన్లో ముందే డబ్బు కట్టిన లాడ్జివాళ్లు “ఆ గది లేదు, ఏసీ గది తీసుకోండి” అని పైన ఇంకో అయిదు వందలు అడిగారు. రాత్రివేళ బేరమాడలేక ఇచ్చాం. ఇప్పటికీ కోపంగానే ఉంది. గండికోటలో గది దొరికితే అక్కడే దిగడం మేలు.

మరునాడు జమ్మలమడుగు దగ్గరి దానవులపాడు. పెన్న ఒడ్డున ఇసుక కింద కూరుకుపోయిన ఈ జైన క్షేత్రాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రియా తవ్వించాడు. ఇటుకల కట్టడం, పార్శ్వనాథుడనే తీర్థంకరుడి పెద్ద విగ్రహం బయటపడ్డాయి. పదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు, నిత్యవర్షుడని బిరుదున్నవాడు, మరో తీర్థంకరుడు శాంతినాథుడి అభిషేకానికి రాతి పీఠం చేయించింది ఇక్కడే. శ్రీవిజయుడనే దండనాయకుడు యుద్ధాలన్నీ అయ్యాక సన్యసించిన సంగతి చెప్పే స్తంభ శాసనం కూడా ఇక్కడిదే.

ఇంత చదివి వెళ్లిన మాకు అక్కడ చూడటానికి ఉన్నది తక్కువ. మంచి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియానికీ కొన్ని కడపకూ వెళ్లిపోయాయి. మిగిలిన ఇటుకల మధ్య ముళ్లచెట్లు మొలిచాయి. చరిత్ర ముందే చదువుకుని వెళ్లకపోతే పది నిమిషాల్లో తిరిగొస్తారు. కాబట్టి దానవులపాడు ఒక్కటే చూడాలనుకుంటే వద్దనే చెబుతాను. కడప మహావీర్ మ్యూజియంతో కలిపి చూడండి, అదీ ముందు నది ఒడ్డు, తర్వాత మ్యూజియం. మేం అలాగే చేశాం. పొద్దున ఖాళీ ఇటుకలు చూసిన కళ్లతో సాయంత్రం ఆ విగ్రహాల ముందు నిలబడితే, ఇది ఎక్కడ నిలబడి ఉండేదో, ఎటు చూస్తూ ఉండేదో ఊహకు అందింది. మ్యూజియంలో దుమ్ము లేదు, వెలుతురు బాగుంది. సెలవు రోజు మాత్రం ముందే కనుక్కుని వెళ్లండి.

ఒక్కరోజే వీలున్నవాళ్లు కొనకొండ్లకే వెళ్లండి. అక్కడి రాయి అక్కడే ఉంది.

తిరుగు బస్సులో తమ్ముడు గుట్ట మీద తీసిన నలభై ఫోటోలూ తిరగేశాడు. జంబూద్వీపం గీతలు ఒక్కదాంట్లోనే సరిగ్గా పడ్డాయి. పొద్దుటి ఎండలో తీసిన మొదటి ఫోటో అది. ఈసారి తెల్లవారకముందే గుట్ట ఎక్కాలని బస్సు కర్నూలు చేరేలోపే అనేసుకున్నాం.