'వై' కొట్టే ముందు చదవండి: గిట్ సెండ్-ఈమెయిల్‌తో ఎనిమిదేళ్ళు

నేను మొదటి ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపిన రాత్రి టెర్మినల్ నన్నొక ప్రశ్న అడిగింది. ఫైల్లో ఎనిమిది బిట్ల అక్షరాలున్నాయి, ఏ ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని అంకెలుగా రాసే పద్ధతి) అని చెప్పమంటారు అని. పక్కనే యూటీఎఫ్-8 అని తనే రాసిపెట్టింది కూడా. ఊరికే ఎంటర్ కొడితే సరిపోయేది. నేను చదివితే కదా. సాఫ్ట్‌వేర్లు ఎక్కించీ ఎక్కించీ అలవాటైన వేలు 'వై' కొట్టేసింది. అప్పుడది ఇంకోసారి అడిగింది: 'వై' అనే ఎన్‌కోడింగే వాడమంటారా, ఖాయమేనా? దానికీ 'వై' కొట్టాను.

ఆ ఎనిమిది బిట్ల అక్షరాలు ఎక్కడివంటే, కవర్ లెటర్ (ప్యాచ్‌ల ముందు వెళ్ళే పరిచయ మెయిల్) చివర ముచ్చటపడి నా పేరు తెలుగులో రాసుకున్నాను. లోకంలో లేని 'వై' ఎన్‌కోడింగ్‌తో ఆ మెయిల్ వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం ఒక్క వాక్యం జవాబొచ్చింది, క్యారెక్టర్ సెట్ తప్పుంది, సరిచేసి మళ్ళీ పంపు అని. హలో లేదు, థాంక్స్ లేదు. సిగ్గుతో ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ 'ఖాయమేనా' అన్న రెండో ప్రశ్న పుట్టిందే నాలాగా 'వై' కొట్టేవాళ్ళ కోసం. 2015లో చేర్చారు. నేను దాన్నీ దాటేశాను.

ఇదంతా 2017 నాటి మాట. హైదరాబాద్‌లో చిన్న బోర్డులకి డ్రైవర్లు రాసే ఉద్యోగం నాది. లైనక్స్ కెర్నల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయ లాంటి కోడ్‌కి, మార్పు పంపాలంటే గిట్‌హబ్ సైటులో పుల్ రిక్వెస్ట్ (నా మార్పు తీసుకోండన్న విన్నపం) తెరిస్తే కుదరదు. మార్పుని మామూలు అక్షరాల మెయిల్‌గా పంపాలి. అవతలి మెయింటెయినర్ (ఆ భాగం కోడ్‌ని చూసుకునే మనిషి) దాన్ని నేరుగా గిట్‌లోకి, అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్‌లోకి, ఎక్కించుకుంటారు. ఆ పంపే పని చేసేదే గిట్ సెండ్-ఈమెయిల్. గిట్ 2005లో కెర్నల్ అవసరానికే పుట్టింది, ఈ పెర్ల్ స్క్రిప్టూ దాదాపు దాని ఈడుదే. చూడ్డానికి కూడా అలాగే ఉంటుంది. కిటికీ లేదు, బటన్ లేదు, అడిగే ప్రశ్నలు మాత్రం బోలెడు.

ముందు ఎక్కించుకోవడం సంగతి. ఉబుంటులో గిట్ ఉన్నా ఇది ఉండదు, గిట్-ఈమెయిల్ అనే ప్యాకేజీని విడిగా ఎక్కించాలి. ఇది తెలియక మొదటి గంట పోయింది. తర్వాత ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే) సర్వర్ పేరు, 587 పోర్టు, టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది), యూజర్ పేరు ఇవ్వాలి. అన్నీ అయ్యాయనుకుంటే 2022లో నేను వాడే ఉచిత మెయిల్ సర్వీసు మామూలు పాస్‌వర్డ్‌తో రానివ్వడం మానేసింది. రెండంచెల లాగిన్ పెట్టుకుని, ఈ ఒక్క పనికోసం వేరే యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాల్సొచ్చింది. సెట్టింగుల కష్టం ఇంతే. ఒక్కసారి కుదిరాక ఏళ్ళ తరబడి దాని జోలికి పోనక్కర్లేదు.

అసలు కష్టం మర్యాదల దగ్గర. నేను చెప్పాలనుకున్నదీ దాని గురించే. కెర్నల్ వాళ్ళు పొగరుబోతులని మా ఆఫీసులో ఒక మాట ఉండేది. ఎనిమిదేళ్ళ తర్వాత నా లెక్క వేరు. మనకి పొగరుగా కనిపించే వాటిలో ముప్పావు వంతు పని జరిగే తీరులోంచి వచ్చినవే. కారణం ఎవరూ విప్పి చెప్పరు, అందుకే తిట్టినట్టుంటుంది.

ఉదాహరణకి, అటాచ్‌మెంట్ వద్దు, హెచ్‌టీఎమ్‌ఎల్ వద్దు అంటారు. చాదస్తం అనుకున్నాను. ఒకసారి తొందర్లో బ్రౌజర్లోంచే ప్యాచ్ అతికించి పంపాను. ట్యాబ్‌లన్నీ స్పేస్‌లయిపోయాయి, పొడుగు లైన్లు మధ్యలో విరిగాయి. కెర్నల్ కోడ్‌లో ఇండెంటేషన్ (లైను ముందు వదిలే ఖాళీ) అంతా ఎనిమిది గడుల ట్యాబ్‌లతోనే. అవతల గిట్ ఏఎమ్ అనే కమాండ్ ఆ మెయిల్ని తీసుకుని కోడ్‌తో అక్షరం అక్షరం పోల్చుకుంటుంది. ఒక్క ట్యాబ్ మారినా ప్యాచ్ అతకదు. ఇక అటాచ్‌మెంట్ అయితే, మెయింటెయినర్ ఒక్కో లైను కింద తన మాట రాయడానికి వీలుండదు. అదే సాదా మెయిల్ అయితే రిప్లై కొట్టగానే కోడ్ అంతా లైను ముందు '>' గుర్తులతో ఎదురుగా ఉంటుంది. రోజూ గుట్టలుగా ప్యాచ్‌లు చూసేవాళ్ళు మన ఒక్కరి కోసం ఫైలు దించుకుని తెరిచి చూడరు.

సెండ్-ఈమెయిల్ గొప్పతనం ఇక్కడే. ట్యాబ్ ముట్టదు, లైను విరవదు. ప్యాచ్ ఎలా ఉంటే అలా పంపుతుంది. ఎన్నో తప్పులు మన చేత చేయనివ్వదు, అది కూడా మనకి తెలియకుండానే.

మా కంపెనీ మెయిల్‌తో వచ్చిన చిక్కు ఇంకో రకం. బయటికెళ్ళే ప్రతి మెయిల్ కిందా సర్వరే ఒక పేరా తగిలించేది. ఇందులో రహస్య సమాచారం ఉంది, మీ కోసం కాకపోతే చెరిపేయండి అని. లోకమంతా చదవాల్సిన కోడ్ కింద రహస్యం అని రాసుంటే ఎవరు తీసుకుంటారు? పైగా తీసుకునే హక్కు తమకుందో లేదో వాళ్ళకి తెలియదు. చెరిపేస్తున్నాం, ఆ పేరా లేకుండా పంపండి అన్నారు. ఐటీ వాళ్ళ చుట్టూ మూడు వారాలు తిరిగాను. పాలసీ అన్నారు. చివరికి మేనేజర్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకుని సొంత మెయిల్ నుంచి పంపడం మొదలెట్టాను, సంతకం లైన్లో మాత్రం ఆఫీసు అడ్రస్ పెట్టి. అలా ప్యాచ్ రాసిన అడ్రసు, పంపే అడ్రసు వేరైతే మెయిల్ మొదట్లో అసలు రచయిత పేరుతో ఒక లైను సెండ్-ఈమెయిలే చేరుస్తుంది. ఆ ఒక్క సదుపాయానికి దీని తప్పులన్నీ క్షమించేశాను.

సంతకం లైనంటే సైన్డ్-ఆఫ్-బై. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని మనం పూచీ పడటం. లైనక్స్‌లో తన కోడ్ ఉందన్న ఎస్‌సీఓ కంపెనీ కేసుల గొడవ నడుస్తుండగా 2004లో పెట్టిన పద్ధతి. ఇంటిపేరు ఒక్క అక్షరంగా రాసుకునే మనకి ఇక్కడో చిన్న తిరకాసు. సర్టిఫికెట్లలో ఒకలా, ఆఫీసులో ఇంకోలా ఉన్న పేరు మూడు ప్యాచ్‌లలో మూడు రకాలుగా పడింది నాది. ఏదో ఒకటి పట్టుకుని దానిమీదే ఉండండి.

ఇక యంత్రం దిద్దలేని మర్యాదలు. మొదటి ఏడాది నా మెయిళ్ళన్నీ 'రెస్పెక్టెడ్ సర్'తో మొదలయ్యేవి. ఎవరూ ఏమీ అనలేదు గానీ జవాబుల్లో వాళ్ళు ఉత్త పేరుతో పిలిచేవాళ్ళు, తామూ ఉత్త పేరుతోనే ముగించేవాళ్ళు. పైగా నేను సర్ అన్నవాళ్ళలో ఒకావిడ ఉన్నారు. పేరు చూసి ఆడో మగో మనం పోల్చుకోలేం, వాళ్ళూ మన పేర్లు చూసి పోల్చుకోలేరు. మా నాన్నకంటే పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి చేతులాడలేదు చాలా రోజులు. ఇప్పుడు 'హాయ్' అని పేరు రాస్తాను. మనసులో మాత్రం ఇప్పటికీ గారు అనుకుంటాను, ఆ ముక్క పంపను.

అన్నిటికంటే పరువు తీసింది 'రివర్ట్'. మన ఆఫీసు ఇంగ్లీషులో 'కైండ్లీ రివర్ట్' అంటే జవాబివ్వండి అని. నా చిన్న సెన్సర్ డ్రైవర్ ప్యాచ్ ఒకటి మెయింటెయినర్ తన ట్రీలోకి, అంటే తన కోడ్ ప్రతిలోకి, అప్పుడే ఎక్కించుకున్నారు. దానికి థాంక్స్ చెప్తూ, తర్వాతి ప్యాచ్ గురించి ఒక సందేహం అడిగి, కింద అలవాటు కొద్దీ కైండ్లీ రివర్ట్ అని రాశాను. గిట్‌లో రివర్ట్ అంటే చేరిన మార్పుని వెనక్కి తీసేయడం! గంటలో జవాబొచ్చింది. ఏం విరిగింది, ఏ కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) తీసేయాలి, ఇంకెవరికైనా ఇదే సమస్య వచ్చిందా అని. పాపం ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. నేను అంతకంటే కంగారుపడి, మా ఊరి ఇంగ్లీషులో దానికర్థం ఇదీ అని ఒక పేరా రాసుకోవాల్సొచ్చింది. ఆయన నవ్వు గుర్తు పెట్టి వదిలేశారు.

జవాబు రాసే పద్ధతి కూడా మనది తలకిందులే. అవుట్‌లుక్ అలవాటుతో పైన మన మాట రాసి, కింద పాత మెయిళ్ళ తోకంతా వదిలేస్తాం. ఇక్కడ ఎవరి మాట కింద దానికి జవాబు, అక్కర్లేని లైన్లు చెరిపేయాలి. పరీక్ష పేపర్లో మాస్టారు ఎర్రసిరాతో లైను కిందే రాసినట్టు. 1995లో వచ్చిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1855లోనే, జవాబిచ్చేటప్పుడు పాత మెయిల్లో అవసరమైనంతే ఉంచండి అని ఉంది. ఒకసారి అలవాటైతే ఆఫీసు మెయిళ్ళు చదవబుద్ధి కాదు. అదొక ఇబ్బంది.

కొత్తవాళ్ళకి అసలు టెన్షన్ నిశ్శబ్దం. పంపేశాం, ఎవరూ పలకరు. మన దగ్గరైతే రెండో రోజుకి ఫోన్ చేసి 'చూశారా సర్' అంటాం. కెర్నల్ పత్రాల్లో ఉన్న మాట ఏమంటే, జవాబుకి మామూలుగా రెండు మూడు వారాలు పట్టొచ్చు, గుర్తు చేయాలన్నా మళ్ళీ పంపాలన్నా కనీసం వారం ఆగు. ఇంకో సంగతి నాకు ఏడాది దాకా తెలియలేదు. కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకసారి వస్తుంది, అందులో మొదటి రెండు వారాలు మెర్జ్ విండో, అంటే కొత్త మార్పుల్ని కలుపుకునే సమయం. ఆ రోజుల్లో మెయింటెయినర్లకి తలెత్తే తీరిక ఉండదు. నెట్‌వర్కింగ్ వాళ్ళయితే కొత్త ఫీచర్ల ట్రీకి తలుపే మూసేస్తారు. నేను దీపావళి సెలవుల్లో కష్టపడి రాసింది సరిగ్గా అప్పుడే పంపి, పలకలేదని కుంగిపోయాను. ఇప్పుడు పంపే ముందు ఏ ఆర్‌సీ (విడుదలకి ముందు వచ్చే పరీక్ష వెర్షన్) నడుస్తోందో చూస్తాను, పెళ్ళికి ముహూర్తం చూసినట్టు.

రెండో వెర్షన్ గురించి ఒక ముక్క. సబ్జెక్ట్‌లో వీ2 రావాలంటే ప్యాచ్ ఫైలు తయారుచేసే ఫార్మాట్-ప్యాచ్ కమాండ్‌కి ఆ అంకె ఇస్తే చాలు. ఏం మార్చామో మూడు గీతల (---) కింద రాయాలి. గీతల కింద రాసింది చదివేవాళ్ళకి కనిపిస్తుంది, గిట్ చరిత్రలోకి మాత్రం వెళ్ళదు. నేను తెలియక పైన రాసి, 'ఫలానావారు చెప్పిన కామా సరిచేశాను' అన్నది శాశ్వతంగా కెర్నల్ చరిత్రలోకి ఎక్కబోయింది. కమిట్ సందేశం కూడా 'నేను సరిచేశాను' అని కాదు, కోడ్‌కి పని పురమాయిస్తున్నట్టు 'సరిచెయ్యి' అని ఉండాలి. 'చేయండి' కాదు, 'చెయ్యి'. మనుషులకి సర్ తగిలించి, కోడ్‌కి గారు తగిలించే నాకు రెండూ ఒకేసారి వదిలించుకోవాల్సొచ్చింది.

కొత్తవాళ్ళంటే వాళ్ళకి చిరాకనే మాట పూర్తిగా నిజం కాదు. డ్రైవర్స్ కింద స్టేజింగ్ అని ఒక డైరెక్టరీ ఉంది, చేయి తిరగడానికి అక్కడ స్పేస్‌లు దిద్దే ప్యాచ్‌లు కూడా తీసుకుంటారు. అదే స్పేస్‌ల ప్యాచ్ నడుస్తున్న డ్రైవర్‌కి పంపితే విసుక్కుంటారు, కోడ్ రాత తీరు సరిచూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు అరిచిందని తప్ప ఇంకే కారణమూ లేదు కాబట్టి. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపితే టీషర్టిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో ఆ టీషర్టు కోసం గిట్‌హబ్‌లో రీడ్‌మీ ఫైళ్ళలో ఒక్కో పదం మార్చి పంపిన వేలంవెర్రి గుర్తుందా? దాంతో ప్రాజెక్టు వాళ్ళు ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకునేలా నిర్వాహకులు పండగ మధ్యలోనే నియమం మార్చారు. అప్పట్లో మన దేశపు కాలేజీ పిల్లల్ని ఆడిపోసుకున్నారు, కొంత న్యాయంగానే. ఇక్కడ అలాంటివి తక్కువ. సెండ్-ఈమెయిల్ కుదుర్చుకునే ఓపిక లేనివాడు గడపలోనే ఆగిపోతాడు. అది మంచిదో కాదో నేను తేల్చుకోలేకపోయాను. ఓపిక లేనివాళ్ళతో పాటు, ఎస్‌ఎమ్‌టీపీ పోర్టు మూసేసిన హాస్టల్లోని పిల్లవాడూ ఆగిపోతున్నాడు కదా.

గొంతు విషయంలో మార్పు నా కళ్ళముందే జరిగింది. 2018 సెప్టెంబరులో 4.19-ఆర్‌సీ4 విడుదల మెయిల్లోనే లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన కటువు మాటలకి క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నారు. ప్రవర్తనా నియమావళీ అప్పుడే మారింది. నన్నయితే ముందూ ఎవరూ తిట్టలేదు, తర్వాతా ఎవరూ ముద్దు చేయలేదు. 'నో' అన్న ఒక్క మాట జవాబులు ఇప్పటికీ వస్తాయి. పొడిగా ఉంటాయి, అంతే.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ళు ఏం వాడాలి? ఈ రోజు మొదలుపెట్టేవాళ్ళయితే బీ4 అనే పనిముట్టు చూడండి. ఎవరెవరికి పంపాలో తనే పోగు చేస్తుంది, వీ2, వీ3 లెక్కలు తనే చూసుకుంటుంది, ఎస్‌ఎమ్‌టీపీ లేకపోయినా కెర్నల్ డాట్ ఆర్గ్ వాళ్ళ దారి గుండా పంపనిస్తుంది. నేను పెద్ద ప్యాచ్ వరసలకి దానికే మారాను. ఒకటి రెండు ప్యాచ్‌లయితే మాత్రం పాతదే. సెండ్-ఈమెయిల్‌కి ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటిన్నరా మొదటి రోజుకి.

పోయిన నెల మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి తన మొదటి ప్యాచ్ పంపుతానంటే పక్కన కూర్చున్నాను. డ్రై-రన్ (నిజంగా పంపకుండా చేసే రిహార్సల్) చేయించాను. ముందు తన మెయిల్‌కే పంపించి, దాన్నే మళ్ళీ గిట్ ఏఎమ్‌తో ఎక్కించి చూడమన్నాను. అతికింది. కవర్ లెటర్లో తన పేరు తెలుగులో రాసుకుంది, నేనేమీ అనలేదు. అసలుది పంపేటప్పుడు ఆ పాత ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఆ అమ్మాయి వేలు 'వై' మీదికి వెళ్ళింది. నేను గట్టిగా దగ్గాను. ఆగి, స్క్రీను చదివి, ఎంటర్ కొట్టి, "దీనికి వై కొట్టేవాళ్ళు కూడా ఉంటారా అన్నా?" అంది.

ఉంటారమ్మా అన్నాను.