ఫెడోరాలో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉంచేయాలా, ఈఎక్స్‌టీ4కి మారాలా: ఏది మేలు?

ఫెడోరా లైనక్స్ కొత్తగా వేసుకునేవాళ్ళలో సగం మంది ఇదే అడుగుతున్నారు, "అన్నా, ఇన్‌స్టాలర్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చూపిస్తోంది, ఉంచేయనా, ఈఎక్స్‌టీ4 పెట్టుకోనా?" అని. ఈ రెండూ ఫైల్‌సిస్టమ్‌లు, అంటే డిస్క్ మీద ఫైళ్ళు ఎలా పెట్టాలో చూసుకునేవి. 2020 అక్టోబర్‌లో ఫెడోరా 33తో డెస్క్‌టాప్ డిఫాల్ట్ ఈఎక్స్‌టీ4 నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి మారింది, డౌట్ మాత్రం అలాగే ఉంది.

స్పీడ్ గొడవ ముందు పక్కన పెట్టేద్దాం. డేటాబేస్ లాంటి పనుల్లో ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఇంకో ఫైల్‌సిస్టమ్) ముందుంటాయి, నిజమే, కానీ బ్రౌజర్, కోడింగ్, సినిమాలు చూసుకునే ల్యాప్‌టాప్‌లో ఆ తేడా పట్టుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

డిఫాల్ట్ అంటే ఏమీ ఎంచుకోనివాడి నెత్తిన పడేది. కాబట్టి ఫీచర్ల లిస్టు కంటే నేను ముందు చూసేది, రేపు బగ్ వస్తే కూర్చుని సరిచేసేవాళ్ళు ఎవరున్నారు అని. ఫెడోరా కథంతా దీని చుట్టూనే తిరిగింది. 2011లో ఫెడోరా 16కే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పెడదామనుకున్నారు, రిపేర్ టూల్ రెడీ కాక ఆగిపోయింది. తర్వాత ఫెడోరా వెనకున్న కంపెనీ రెడ్ హ్యాట్ 2017లో తన వ్యాపార లైనక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ 7.4 దగ్గర దీన్ని వదిలేస్తున్నామని చెప్పి 8లో పూర్తిగా తీసేసింది, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఎక్స్‌ఎఫ్‌ఎస్ తెలిసిన ఇంజనీర్లు బోలెడుమంది, దీనికి మాత్రం దాదాపు ఎవరూ లేరు. మరి ఆ రెడ్ హ్యాట్ నీడలోనే ఉన్న ఫెడోరా మూడేళ్ళకే ఎలా ఒప్పుకుందంటే, ఫేస్‌బుక్ తన సర్వర్లలో దీన్ని భారీగా నడుపుతోంది, అక్కడి జోసెఫ్ బాసిక్ లాంటి డెవలపర్లు వచ్చి ఈ మార్పుకి మేం బాధ్యులం అని నిలబడ్డారు. ఫెడోరా సర్వర్ ఎడిషన్ మాత్రం ఎక్స్‌ఎఫ్‌ఎస్ దగ్గరే ఉండిపోయింది.

ఇక వాడేవాడికి ఏం ఒరిగిందంటే, ముందు జాగా. పాత పద్ధతిలో రూట్‌కి (సిస్టమ్ ఫైళ్ళకి) ఒక వాటా, హోమ్‌కి (మన ఫైళ్ళకి) మిగతాది, రెండూ వేరే పార్టిషన్లు. రెండు మూడు కంటైనర్ ఇమేజ్‌లు, ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు దించేసరికి రూట్ నిండిపోయి డీఎన్‌ఎఫ్ (ప్యాకేజీలు వేసే టూల్) అప్‌డేట్ ఆగిపోయేది, డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే హోమ్‌లో వందల జీబీలు ఖాళీ. ఇప్పుడు రెండూ ఒకే పార్టిషన్‌లోని సబ్‌వాల్యూమ్‌లే, ఉన్న ఖాళీ ఇద్దరిదీ, ఉమ్మడి కుటుంబంలో బియ్యం డబ్బాలాగా. ఫెడోరా 34 నుంచి జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ (ఫైళ్ళని కుదించి జాగా మిగిల్చేది) కూడా డిఫాల్ట్‌గానే వస్తోంది.

రెండోది చెక్‌సమ్, అంటే డేటా మారిందో లేదో పట్టుకునే లెక్క. డిస్క్ చెడిపోయి పాత ఫోటోలో నాలుగు బైట్లు మారాయనుకోండి, ఈఎక్స్‌టీ4 తన మెటాడేటాకి తప్ప ఫైల్ లోపలి డేటాకి చెక్‌సమ్ పెట్టదు కాబట్టి, డిస్క్ ఎర్రర్ చెప్పకపోతే ఆ చెడిన ఫోటోనే నోరు మూసుకుని బ్యాకప్‌లోకి కాపీ చేసేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే కాపీ మధ్యలో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని ఆపేస్తుంది, డీమెసేజ్ కమాండ్ చూపే సిస్టమ్ లాగ్‌లో చూస్తే చెక్‌సమ్ ఫెయిల్డ్ అని లైన్ కనిపిస్తుంది. జనం దీన్ని చూసే "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ నా డేటా తినేసింది" అని తిడతారు, అది చెప్పింది చెడిపోయిందనే కదా!

ఈఎక్స్‌టీ4కి దక్కాల్సింది దక్కాలి. కరెంట్ పోయి గందరగోళమైనా దాని రిపేర్ టూల్ ఈ2ఎఫ్‌ఎస్‌సీకే చాలావరకు లేపి నిలబెడుతుంది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చెక్‌లో రిపేర్ ఆప్షన్ మాత్రం తెలిసినవాళ్ళు చెప్పేదాకా వాడొద్దని దాని మాన్యువలే అంటుంది. పాత హార్డ్ డిస్క్, చిన్న మెమరీ, "నాకేమీ నేర్చుకోవాలని లేదు" అనేవాళ్ళకి ఈఎక్స్‌టీ4 పెట్టుకోండి, తప్పేం లేదు, డెబియన్, ఉబుంటు వాళ్ళు ఇప్పటికీ అదే ఇస్తున్నారు.

మిగతా ఫైల్‌సిస్టమ్‌లు త్వరగా. ఎక్స్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కి బంగారం, పార్టిషన్ తగ్గించాలంటే మాత్రం కుదరదు. జెడ్‌ఎఫ్‌ఎస్ గొప్పదే, లైసెన్స్ గొడవ వల్ల లైనక్స్ కెర్నల్ బయటే ఉంది, ఫెడోరాలో కెర్నల్ అప్‌డేట్లు వచ్చే స్పీడ్‌కి మాడ్యూల్ వెనకబడి తలనొప్పి. బీక్యాష్‌ఎఫ్‌ఎస్ 6.7 కెర్నల్‌లో చేరి 6.18కల్లా బయటికెళ్ళిపోయింది, డిఫాల్ట్ మాటే వద్దు.

ఇంకోటి, ఓపెన్‌సూసే అనే లైనక్స్‌లో స్నాపర్ (సిస్టమ్ పాత స్థితిని స్నాప్‌షాట్లుగా దాచే టూల్) చూసినవాళ్ళు ఫెడోరాలో కూడా అప్‌డేట్ చెడితే వెనక్కి వెళ్ళిపోవచ్చు అనుకుంటున్నారు. ఫెడోరా వర్క్‌స్టేషన్ ఆ స్నాప్‌షాట్లు దానంతటది పెట్టదు, కావాలంటే మీరే స్నాపర్ వేసుకోవాలి. వర్చువల్ మెషీన్ ఇమేజ్‌లు ఎక్కువ వాడేవాళ్ళు ఆ ఫోల్డర్‌కి కాపీ ఆన్ రైట్ (మార్పుని పాత చోట కాకుండా కొత్త చోట రాసే పద్ధతి) ఆపేసుకోండి, కాకపోతే అందులో కొత్తగా పడే ఫైల్స్‌కి చెక్‌సమ్ కూడా పోతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో రైడ్ 5, 6 (చాలా డిస్కుల్ని కలిపి వాడే పద్ధతులు) జోలికి మాత్రం వెళ్ళకండి. ఇప్పటికే ఈఎక్స్‌టీ4 మీద హాయిగా నడుస్తున్నవాళ్ళు దీనికోసమని ఫార్మాట్ కొట్టక్కర్లేదు, తర్వాత ఎప్పుడైనా కొత్త ఎస్‌ఎస్‌డీ కొన్నప్పుడు చూసుకోవచ్చు.