పాత విండోస్ మళ్లీ వేశాక కనబడని జీబీలు: జీపార్టెడ్ లైవ్ ఎక్కడ అవసరం, ఎక్కడ అక్కర్లేదు

అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నడిపే డీటీపీ సెంటర్లు, పాత ప్రింటర్‌కు కొత్త డ్రైవర్ దొరకని షాపులు, పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను వదల్లేని దుకాణాలు ఇప్పటికీ విండోస్ 7నే, కొన్నిచోట్ల ఎక్స్‌పీనే మళ్లీ వేయించుకుంటున్నాయి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఆగిపోయింది కాబట్టి ఆ సిస్టమ్‌లను నెట్‌కు దూరంగా ఉంచాలి. అది వేరే సంగతి. ఇన్‌స్టాల్ అయ్యాక తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: 500 జీబీ డిస్క్‌లో సి డ్రైవ్ నూరు జీబీ దగ్గరే ఆగిపోయింది, మిగతాది ఎటు పోయింది? దీనికి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి డిస్క్ భాగాలను మార్చే జీపార్టెడ్ లైవ్ వాడమని చాలామంది సలహా ఇస్తారు. సాధనం నిజంగా గట్టిది, పూర్తిగా ఉచితం. కానీ జాగా ఎక్కడ చిక్కుకుందో చూడకుండా దాన్ని నడిపితే, మామూలుగా బూట్ అవుతున్న విండోస్ కూడా ఆగిపోతుంది.

ముందుగా, నిజంగా జాగా పోయిందో లేదో తేల్చుకోండి. డిస్క్ తయారీదారు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున హెచ్చిస్తుంది. అందుకే 500 జీబీ డిస్క్ 465గా, 1 టీబీ డిస్క్ 931గా కనిపిస్తుంది. అక్కడ తిరిగి రావాల్సింది ఏమీ లేదు. సి డ్రైవ్ సైజు సరిగానే ఉండి ఖాళీ మాత్రమే తక్కువైతే అది పార్టిషన్ (డిస్క్‌ను విభజించిన భాగం) సమస్య కాదు. ఫార్మాట్ చేయకుండా కస్టమ్ ఇన్‌స్టాల్ చేస్తే పాత సిస్టమ్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉండిపోతుంది. డిస్క్ క్లీనప్ తెరిచి, క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్‌కు టిక్ పెడితే అది పోతుంది. హైబర్నేట్ ఫైల్ కూడా చూడండి. విండోస్ 7లో అది ర్యామ్‌లో 75 శాతం ఉంటుంది, అంటే 8 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ దానికే పోతుంది. హైబర్నేషన్ వాడని డెస్క్‌టాప్‌లో దాన్ని ఆపేయవచ్చు.

ఇవేవీ కాకపోతే మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. నల్ల పట్టీతో అన్‌అలొకేటెడ్ అని ఉంటే అదే మీరు వెతుకుతున్న జాగా. లేత ఆకుపచ్చ రంగులో ఫ్రీ స్పేస్ అని ఉంటే అది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మరిన్ని డ్రైవ్‌లు పట్టే పెట్టెలాంటిది) లోపలి ఖాళీ. ఈ రెండూ ఒకటి కావు. సి ప్రైమరీ పార్టిషన్ (ఆ పెట్టె బయట, నేరుగా డిస్క్ మీద ఉండేది) అయితే ఆకుపచ్చ జాగాను నేరుగా తీసుకోలేదు. ముందు ఎక్స్‌టెండెడ్‌ను కుదించి, ఆ జాగాను దాని బయటికి తేవాలి.

ఎక్స్‌పీది ప్రత్యేకమైన కథ. సర్వీస్ ప్యాక్ (మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ల కట్ట) లేని మొదటి ఎక్స్‌పీ సీడీతో వేస్తే ఎంత పెద్ద డిస్క్ అయినా 128 జీబీగానే కనబడుతుంది. ఆ ఎక్స్‌పీ సెక్టార్ (డిస్క్‌లోని చిన్న గడి) నంబరుకు 28 బిట్లే వాడుతుంది. 28 బిట్లతో లెక్కించగల సెక్టార్లు 26 కోట్ల 84 లక్షలు, ఒక్కోటి 512 బైట్లు. తయారీదారు లెక్కలో అది 137 జీబీ, విండోస్ లెక్కలో 128. 48 బిట్ల నంబర్లు సర్వీస్ ప్యాక్ 1తో వచ్చాయి. ఇక్కడ జాగా కనబడకపోవడం చిన్న నష్టమే. అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ డిస్క్‌లో 137 జీబీకి ఆవల పాత డేటా పార్టిషన్ ఉండి, ఈ పాత ఎక్స్‌పీ దానిలోకి రాయబోతే, ఆ రాత డిస్క్ మొదటి భాగంలో పడి అక్కడి ఫైళ్లను చెరిపేయవచ్చు. అందుకని అలాంటి డిస్క్ మీద సర్వీస్ ప్యాక్ 2 గానీ 3 గానీ కలిసి ఉన్న సీడీతోనే వేయాలి. ఇప్పటికే పాత సీడీతో వేసేసి ఉంటే ముందు సర్వీస్ ప్యాక్ 1, తర్వాత 3 ఎక్కించండి. నేరుగా 3 ఎక్కదు, దానికి కింద కనీసం 1 ఉండాలి. రీస్టార్ట్ చేశాక మిగతా జాగా అన్‌అలొకేటెడ్‌గా బయటపడుతుంది.

బయటపడ్డ ఆ జాగాను సి కి కలపడం ఎక్స్‌పీ వల్ల కాదు. తాను నడుస్తున్న పార్టిషన్‌ను పెంచే వీలు దాని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనూ లేదు, కమాండ్లతో నడిచే డిస్క్‌పార్ట్‌లోనూ లేదు. కానీ కలిపి తీరాలా అన్నది ఆలోచించండి. 128 జీబీ ఎక్స్‌పీకి, పేజ్‌మేకర్‌కు, ఫాంట్లకు ధారాళంగా చాలు. మిగిలిన జాగాను అక్కడే కొత్త పార్టిషన్‌గా చేసి, డి డ్రైవ్ అని అక్షరమిచ్చి, కస్టమర్ల ఫైళ్లన్నీ అందులో పెట్టుకోవడం మేలు. మరోసారి విండోస్ వేయాల్సి వచ్చినప్పుడు సి ని మాత్రమే ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. దీనికి ఏ సాధనమూ దించుకోనక్కర్లేదు.

విండోస్ 7లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఉంది, కానీ ఒక షరతు మీద: ఖాళీ జాగా సి కి కుడిపక్కన, మధ్యలో ఏదీ అడ్డు లేకుండా ఆనుకుని ఉండాలి. లేకపోతే ఆ ఆప్షన్ మసకగా కనబడుతుంది. విండోస్ 10 తీసేసి 7 వేసిన సిస్టమ్‌లలో ఎక్కువగా అడ్డొచ్చేది ఆ 10 వదిలివెళ్లిన 500 ఎంబీ చుట్టుపక్కల సైజు రికవరీ పార్టిషన్. 7కు దానితో పని లేదు, కానీ రైట్ క్లిక్ చేస్తే డిలీట్ కనబడదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లండి. లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, లిస్ట్ పార్టిషన్ అని వరసగా ఇచ్చి, సైజు చూసి నంబరు నిర్ధారించుకున్నాక సెలెక్ట్ పార్టిషన్ 3 (మీ దగ్గర ఏ నంబరైతే అది), ఆపై డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ ఇవ్వాలి. తర్వాత ఎక్స్‌టెండ్ వాల్యూమ్ వెలుగుతుంది, క్షణాల్లో పని అయిపోతుంది.

తీయకూడనివి రెండున్నాయి. పది, ఇరవై జీబీల రికవరీ పార్టిషన్ అయితే అది ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన ఫ్యాక్టరీ కాపీ. తీసేస్తే ఆ మెషీన్ కొన్ననాటి స్థితికి వెళ్లే దారి మూసుకుపోతుంది. రెండోది, సిస్టమ్ అనీ యాక్టివ్ అనీ రాసి ఉన్న పార్టిషన్. అది 100 ఎంబీయే కావచ్చు, పేరు లేకుండా ఉండవచ్చు, ఒక్కోసారి డి డ్రైవ్ కూడా కావచ్చు. బూట్ ఫైళ్లు అక్కడే ఉంటాయి. అది పోతే మరుసటి స్టార్ట్‌లో విండోస్ బూట్ కాదు.

ఇంకో ఉచ్చు నాలుగు ప్రైమరీలది. ఎంబీఆర్ (పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతి) డిస్క్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లే పడతాయి. కంపెనీ ల్యాప్‌టాప్‌లు సిస్టమ్, విండోస్, రికవరీ, టూల్స్ అంటూ ఆ నాలుగూ నింపేసే వచ్చేవి. అప్పుడు ఖాళీ జాగాలో కొత్త వాల్యూమ్ చేయబోతే మామూలు బేసిక్ డిస్క్‌ను డైనమిక్‌గా (విండోస్‌కే ప్రత్యేకమైన పద్ధతిలోకి) మారుస్తాను అని విండోస్ అడుగుతుంది. నో చెప్పండి. డైనమిక్ అయ్యాక తిరిగి బేసిక్ చేయాలంటే విండోస్ పద్ధతిలో అన్ని వాల్యూమ్‌లూ తుడిచేయాల్సిందే, జీపార్టెడ్ కూడా డైనమిక్ డిస్క్‌ను ముట్టుకోదు.

3 టీబీ డిస్క్ పెట్టి ఎంబీఆర్‌తో వేసినవారికి 2048 జీబీ తర్వాత 746 జీబీ వాడుకోలేని పట్టీగా మిగిలిపోతుంది. ఏ రీసైజ్ సాధనమూ దాన్ని ఇవ్వలేదు. డిస్క్‌ను జీపీటీ (పార్టిషన్ల పట్టిక రాసే కొత్త పద్ధతి) చేయాలి. దాని మీంచి విండోస్ 7 బూట్ కావాలంటే 64 బిట్ వెర్షన్, యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చినది) ఉన్న మదర్‌బోర్డ్ రెండూ కావాలి. 32 బిట్ ఎక్స్‌పీ అయితే జీపీటీని చదవనే చదవదు.

జీపార్టెడ్ లైవ్ అవసరమయ్యేది ఇవన్నీ దాటాక మిగిలే సందర్భాల్లో: జాగా సి కి ఎడమపక్కన ఉన్నప్పుడు, మధ్యలో డేటా ఉన్న డి అడ్డుగా ఉన్నప్పుడు, ఎక్స్‌పీలో సి నే పెంచాలని పట్టుబట్టినప్పుడు. ఇది డెబియన్ ఆధారంగా నడిచే చిన్న సిస్టమ్. దాని ఐఎస్ఓ (డౌన్‌లోడ్ చేసుకునే ఫైల్) ఒక జీబీ లోపే, 2 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్‌తో రాసి, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. కీమ్యాప్, భాష, మోడ్ ప్రశ్నలకు ఎంటర్ నొక్కుకుంటూ వెళ్తే చాలు. పాత గ్రాఫిక్స్ చిప్‌తో తెర నల్లగా నిలిచిపోతే, మళ్లీ బూట్ చేసి మెనూలో సేఫ్ గ్రాఫిక్ సెట్టింగ్స్ తీసుకోండి.

దానిలోకి వెళ్లకముందే విండోస్‌లో మూడు పనులు చేసుకోండి. డేటా మరో డిస్క్‌కు కాపీ. సి మీద చెక్‌డిస్క్ (విండోస్ చేసే డిస్క్ తనిఖీ), ఎందుకంటే తనిఖీ పెండింగ్‌లో ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైల్ పద్ధతి) పార్టిషన్‌ను జీపార్టెడ్ కదిలించదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో రీఅలొకేటెడ్, పెండింగ్ (పాడైన, పాడయ్యేలా ఉన్న) సెక్టార్ల సంఖ్య చూడటం. అవి పెరుగుతున్న డిస్క్ మీద పార్టిషన్ జరపడం అంటే డేటా పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే. ఆ డిస్క్ మార్చాలి. అదే డిస్క్‌లో విండోస్ 8 లేదా 10 కూడా ఉంటే వాటి ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంచే సౌకర్యం) ఆపి పూర్తిగా షట్‌డౌన్ చేయండి.

లోపల పని విధానం బాగుంది, ఈ సాధనాన్ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. మీరు చెప్పిన మార్పులన్నీ కింద జాబితాలో పేరుస్తుంది, అప్లై నొక్కేదాకా డిస్క్ మీద ఏమీ రాయదు. రీసైజ్ పెట్టెలో మూడు అంకెలుంటాయి: ముందు ఖాళీ, కొత్త సైజు, వెనక ఖాళీ. కుడివైపు పెంచడమే పనైతే ముందు ఖాళీని కదపకండి. జాబితాలో మూవ్ అన్న మాట వచ్చిందంటే పార్టిషన్ మొదలు జరుగుతోందని అర్థం. ఎక్స్‌పీ 63వ సెక్టార్ నుంచి మొదలుపెట్టిన పార్టిషన్లలో అలైన్ (పార్టిషన్ మొదలును సర్దే) మెనూ ఎంఐబీ మీద ఉండటం వల్ల ఇలా కావచ్చు. అన్‌డూ చేసి, అలైన్‌ను నన్‌కు మార్చి మళ్లీ ఇవ్వండి.

పెంచడం నిమిషాల్లో అయిపోతుంది, జరపడం అలా కాదు. ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్‌ను జరిపేటప్పుడు జీపార్టెడ్ ఖాళీ భాగాన్ని కూడా కలిపి మొత్తం కాపీ చేస్తుంది. సెకనుకు 40 ఎంబీ చొప్పున నడిచే పాత డిస్క్‌లో 100 జీబీకి ముప్పావు గంట. అందుకే ముందు పార్టిషన్‌ను వాడిన జాగాకు కాస్త పైన ఉండేలా కుదించి, అప్పుడు జరిపి, చివరికి పెంచండి. సమయం బాగా కలిసొస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పార్టిషన్ సగం పాత చోట, సగం కొత్త చోట మిగులుతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో మూవ్ పెట్టకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి, చార్జర్ పెట్టే ఉండాలి.

సి మొదలు జరిగితే బూట్ తప్పే అవకాశం ఎక్కువ. ఎంబీఆర్ డిస్క్‌లో విండోస్ 7 బూట్ రికార్డు తన పార్టిషన్‌ను డిస్క్ సంతకంతో, మొదలయ్యే స్థానంతో గుర్తుపెట్టుకుంటుంది. స్థానం మారితే వెతుక్కోలేదు. విండోస్ 7 డీవీడీ పెట్టి రిపేర్ యువర్ కంప్యూటర్, అందులో స్టార్టప్ రిపేర్ నడపండి. ఒక్కసారికి కుదరకపోతే రెండు మూడు సార్లు నడపాల్సి రావచ్చు. ఆ డీవీడీ చేతిలో లేకుండా ఎడమవైపు జరపడం మొదలుపెట్టవద్దు. ఎక్స్‌పీ దారి వేరు, అది బూట్ ఐఎన్ఐ ఫైల్‌లో పార్టిషన్ నంబరు చూస్తుంది. సి కి ముందున్న పార్టిషన్‌ను తీసేస్తే నంబరు మారి హాల్ డీఎల్ఎల్ మిస్సింగ్ అంటుంది. ఫైల్ నిక్షేపంగానే ఉంటుంది, ఆ నంబరు సరిచేస్తే చాలు.

ఇలాంటి పనే చేసే మినీటూల్ పార్టిషన్ విజార్డ్‌తో పోలిస్తే ఎలా? విండోస్ లోపలే నడుస్తుంది కాబట్టి లినక్స్ తెర చూసి బెదిరేవారికి అది సులువు. కానీ దాని ఉచిత వెర్షన్ ఇంటి వాడకానికే. షాపులో వాడాలంటే కొనాలి. జీపార్టెడ్‌కు ఆ అడ్డు లేదు. అసలు బూట్ కాని సిస్టమ్‌లోనూ పనిచేస్తుంది, సర్వీస్ సెంటర్‌కు అదే పెద్ద ఆకర్షణ. నా ఓటు జీపార్టెడ్‌కే, అయితే డిస్క్ మేనేజ్‌మెంట్ చేతులెత్తేశాక మాత్రమే.

అప్లై పూర్తయ్యాక మొదటి స్టార్ట్‌లో విండోస్ తనంతట తానే చెక్‌డిస్క్ నడపవచ్చు. ఏ కీ నొక్కీ ఆపకండి. అది అయ్యాక ఇంకోసారి రీస్టార్ట్ చేసి, డ్రైవ్ అక్షరాలు చూసుకోండి. డి కాస్తా ఇ అయి ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో వెంటనే వెనక్కి మార్చండి. లేదంటే పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచినప్పుడు లింక్ చేసిన ఫోటోలు ఒక్కటీ దొరకవు.