ఓడలో భయం: క్రూయిజ్ నవలా, డిమీటర్ లాగ్‌బుక్కా?

ఈమధ్య ఒక క్రూయిజ్ షిప్ హారర్ నవల చదివాను. ఎంతో ఆశపడి మొదలుపెట్టినా, చివరి పేజీ వరకు ఒక్కసారి కూడా ఒళ్ళు జలదరించలేదు. ఆ వెలితి తీరక, 1897లో వచ్చిన రక్తపిశాచి నవల ‘డ్రాక్యులా’ తీసి, అందులోని డిమీటర్ ఓడ కెప్టెన్ లాగ్‌బుక్ (ప్రయాణంలో రాసే రోజువారీ నమోదులు) మళ్ళీ చదివాను. కొద్ది పేజీలే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డిమీటర్‌లో ఉన్నది తొమ్మిది మంది. బల్గేరియాలోని వార్నా నుంచి ఇంగ్లండ్‌లోని విట్బీకి వెళ్తుండగా ఒక్కొక్కరే మాయమవుతారు. ఇంకా ఎందరు మిగిలారో మనమూ లెక్కపెడుతూ కూర్చుంటాం. చివరికి కెప్టెన్ తన చేతులను చుక్కాని చక్రానికి కట్టేసుకుంటాడు. ఆ టెన్షనంతా పొడి పొడి మాటల్లోనే.

క్రూయిజ్ నవలలో వేలమంది ప్రయాణికులు. ఎవరు చనిపోయినా పేరు గుర్తుండదు. దయ్యమేమో రెండో అధ్యాయంలోనే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పెద్ద క్రూయిజ్ షిప్పుల్లో నిజంగానే శవాలను భద్రపరిచే గది ఉంటుంది. పైన పాటలు, డాన్సులు, అడుగున ఆ చల్లటి గది! రచయిత దాని జోలికే పోలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

షిప్ హంగుల వర్ణన చాలనుకుంటే నవల చదవొచ్చు. భయం కావాలంటే మాత్రం లాగ్‌బుక్కే.