ఇంట్లో గన్: కొనడం మేలా, మానడం మేలా?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో కేటీలోనో ఇల్లు కొని ఏడాది తిరక్కుండానే చాలామంది తెలుగువాళ్లకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. పక్కింటాయన దగ్గర మూడు గన్‌లుంటాయి. ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఒకరు షూటింగ్ రేంజ్ ఫొటోలు చూపిస్తారు. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఎవరింట్లోనో దొంగలు పడ్డారని వార్త రాగానే "అన్నా, ఒకటి తీసుకుందామా?" అని మెసేజ్ పడుతుంది. దాని కింద సగం మంది ఆయుధాల హక్కు ఇచ్చే అమెరికా రాజ్యాంగం రెండో సవరణ గురించి, మిగతా సగం స్కూళ్లలో కాల్పుల గురించి వాదించుకుంటారు. అడిగినవాడి వీసా ఏమిటి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని మాత్రం ఒక్కరూ అడగరు. నేనైతే ముందు అదే అడుగుతాను.

వీసా సంగతి తేలికగా తేలిపోతుంది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 (విద్యార్థులది), బి-2 (సందర్శకులది) లాంటి తాత్కాలిక వీసాల మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. కొనకపోయినా సరే, చేతిలో ఉంటే చాలు. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 2022లో పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. సరదాగా లాస్ వేగాస్ వెళ్లి రేంజ్‌లో అద్దె గన్ పేల్చినా ఈ నిషేధం కిందికే వస్తుంది. మినహాయింపులు లేకపోలేదు. వాటిలో మనవాళ్లు ఎక్కువగా వాడుకునేది వేట లైసెన్సు. అయితే లైసెన్సు చట్టం నుంచి కాపాడుతుంది గానీ ప్రమాదం నుంచి కాపాడదు. అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ కుర్రాడొకడు పుట్టినరోజు నాడే వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడన్న వార్త 2024 నవంబరులో చదివాం.

గ్రీన్ కార్డ్ వచ్చాక దారి తెరుచుకుంటుంది. షాపులో 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి. టెక్సాస్‌లో చాలామందికి ఇదంతా కొద్ది నిమిషాల పని. కాకపోతే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేసే అవకాశం ఉంది. సిటిజన్‌కి ఆ భయం లేదు.

ఇందులో నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం ఒకటుంది. అర్ధరాత్రి గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక ఒంటరిగా నిలబడే ఎఫ్-1 కుర్రాడికి దోపిడీ ముప్పు నిజంగా ఉంది. అలా ప్రాణాలు పోగొట్టుకున్న మన పిల్లల వార్తలు కొత్తేమీ కాదు. ఆ కుర్రాడికి గన్ పట్టుకునే హక్కు లేదు. ఓనరు కౌంటర్ కింద పెట్టిన గన్ ముట్టుకున్నా అతనికే చిక్కు. గేటెడ్ కమ్యూనిటీలో నాలుగు బెడ్‌రూముల ఇంట్లో కెమెరాల మధ్య పడుకునే సిటిజన్‌కి మాత్రం ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. అవసరం ఒకరిది, హక్కు ఇంకొకరిది. అందుకే 'ఆత్మరక్షణ' అన్న మాట మన ఇళ్లలో వినిపించినప్పుడు, ఎవరి నుంచి రక్షణ అని ఒకసారి ఆగి అడగాలి.

గన్ హక్కుల వాళ్ల వాదనను మనలో చాలామంది వినకుండానే కొట్టిపారేస్తారు. అది తొందరపాటు. గన్ హక్కుల సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ని 1871లో పెట్టింది గురి నేర్పడానికి. 1977లో సిన్సినాటి సమావేశంలో పగ్గాలు చేతులు మారాక అది రాజకీయ శక్తి అయింది. ఇంట్లో ఆత్మరక్షణకు హ్యాండ్‌గన్ పెట్టుకోవడం వ్యక్తి హక్కు అని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో బ్రూయెన్ తీర్పు ఆ హక్కును ఇంటి గడప దాటించి వీధిలోకి తెచ్చింది. వాళ్ల వాదనలో బలమంతా ఒక్క మాటలో ఉంది: పిలిచినప్పుడు పోలీసు వస్తాడని నమ్మకం లేదు. కొలరాడోలో దూరంగా ఉండాలని కోర్టు ఉత్తర్వు ఉన్నా భర్త ముగ్గురు కూతుళ్లను ఎత్తుకుపోయాడని ఒక తల్లి పోలీసులకు మొరపెట్టుకుంది. వాళ్లు కదల్లేదు, పిల్లలు చనిపోయారు. ఆ ఉత్తర్వును అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. 2022లో టెక్సాస్‌లోని యువాల్డీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. దాదాపు నాలుగు వందల మంది పోలీసులు వచ్చి కూడా హంతకుణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. అదే టెక్సాస్‌లో, వైట్ సెటిల్‌మెంట్ అనే ఊళ్లో 2019 డిసెంబరులో చర్చిలో కాల్పులు మొదలైతే, అక్కడే ఉన్న చర్చి భద్రతా వాలంటీరు హంతకుణ్ణి కాల్చి ఆరు సెకన్లలో ముగించేశాడు.

ఆరు సెకన్లకీ 77 నిమిషాలకీ తేడా చూపిస్తే ఎవరైనా తడబడతారు. నేనూ తడబడ్డాను. కానీ ఆ వాలంటీరు ఎవరు? ఒకప్పుడు రిజర్వ్ డెప్యూటీ (పోలీసులకు తోడుగా పనిచేసే అధికారి), షూటింగ్ నేర్పే మనిషి. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని అది. శనివారం ఒక పూట క్లాసుకి వెళ్లొచ్చి గన్‌ని డ్రాయర్‌లో పడేసే మనకీ ఆయనకీ పోలికే లేదు. మనం పెరిగిన చోట లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దమనిషి కూడా ఎన్నికల కోడ్ రాగానే దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకుంటాడు. చిన్నప్పటి నుంచీ తాతతో జింకల వేటకి వెళ్లిన టెక్సాస్ రైతుకి ఉన్న చేతి అలవాటు మనకెక్కడి నుంచి వస్తుంది?

ఇక ఇంట్లోకి వద్దాం. మన ముందున్న దారులు మూడు: మంచం పక్కన లోడ్ చేసిన పిస్టల్, సేఫ్‌లో తాళం వేసి పెట్టిన గన్, అసలు గన్ లేకపోవడం.

మంచం పక్క పిస్టల్‌కి ఉన్న ఒకే గుణం వేగం. డ్రాయర్ లాగితే చేతికొస్తుంది. మీ చేతికి ఎంత వేగంగా వస్తుందో ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికీ అంతే వేగంగా వస్తుంది. రాత్రి రెండింటికి కింద చప్పుడైంది అనుకోండి. మన ఇళ్లలో ఆ చప్పుడు ఎవరిది? నిన్నే ఇండియా నుంచి దిగి, జెట్ లాగ్‌తో నిద్రపట్టక, లైటు స్విచ్ ఎక్కడుందో తెలియక చీకట్లో మంచినీళ్ల గ్లాసు వెతుక్కుంటున్న అత్తగారిది. లేదా స్నేహితుల దగ్గర ఆలస్యమై గ్యారేజీ తలుపులోంచి పిల్లిలా వచ్చే పెద్దబ్బాయిది. సగం నిద్రలో, ఒళ్లంతా టెన్షన్‌తో, ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోవాలి. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లి పొరపాటున వేరే ఇంటి బెల్ కొట్టిన 16 ఏళ్ల కుర్రాణ్ణి ఆ ఇంటి ముసలాయన తలుపులోంచే కాల్చాడు. అదృష్టం బాగుండి బతికాడు. పైగా అక్కడివి మన ఊరి ఇటుక గోడలు కావు. లోపలి గోడలన్నీ చెక్క ఫ్రేముకి కొట్టిన అరంగుళం షీట్‌రాక్ (జిప్సం పలకలు). గురి తప్పిన 9 ఎంఎం తూటా ఒకదాని వెనక ఒకటిగా గోడలు దాటుకుంటూ పోతుంది. ఆ గోడల అవతల పిల్లలు పడుకుంటారు. షాట్‌గన్ అయితే ఆ బాధ ఉండదని షాపుల్లో చెబుతారు. ఆత్మరక్షణకు షాట్‌గన్‌లో వాడే బక్‌షాట్ (పెద్ద గుళ్లు) కూడా ఆ గోడల్ని దాటుతుంది.

సేఫ్‌లో గన్ ఇంతకంటే చాలా నయం. వేలిముద్రతోనో కోడ్‌తోనో తెరుచుకునే చిన్న సేఫ్‌లు దొరుకుతాయి, కొన్ని సెకన్లు ఆలస్యం, అంతే. ఆ సెకన్ల కోసం తాళం మానేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే తల్లిదండ్రులది నేరం. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021లో పదిహేనేళ్ల పిల్లాడు నలుగురు తోటి విద్యార్థుల్ని చంపిన కేసులో, వాడి తల్లికీ తండ్రికీ 2024లో పది నుంచి పదిహేనేళ్ల జైలు పడింది. సేఫ్ కోడ్ విషయంలో మన ఇళ్లకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బి-2 మీద వచ్చిన అమ్మానాన్నలకు 'అవసరానికి ఉంటుంది' అని కోడ్ చెప్పకండి. తాత్కాలిక వీసా నిషేధం వాళ్లకూ వర్తిస్తుంది.

గన్ లేకపోతే దొంగలొస్తే ఏం చేస్తారు అన్నది న్యాయమైన ప్రశ్నే. బంగారం కోసం భారతీయుల, ఇతర ఆసియావాళ్ల ఇళ్లను ఎంచుకుని, మనుషులున్నప్పుడే చొరబడిన ముఠా ఒకటి 2011 నుంచి 2014 దాకా టెక్సాస్, జార్జియా, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో తిరిగింది. భయం ఊరికే పుట్టలేదు. కానీ వాళ్లు వచ్చింది నగల కోసం. నగలు బ్యాంకు లాకర్‌లో ఉంటే, పండక్కి వేసుకున్న ఫొటోలు ఆ రోజే ఫేస్‌బుక్‌లో పెట్టకపోతే, ముప్పు చాలావరకు తగ్గుతుంది. వీధి తలుపు గొళ్లెం దూరే ఇనుపపట్టీకి బిల్డరు కొట్టే పొట్టి స్క్రూలు తీసి మూడంగుళాలవి బిగించండి. ఖర్చు కొన్ని డాలర్లే, తలుపు మాత్రం ఒక్క తన్నుకి ఊడిరాదు. ఎక్కువ దొంగతనాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడే జరుగుతాయి. అప్పుడు డ్రాయర్‌లోని గన్ దొంగకి దొరికే ఇంకో సొత్తు.

గన్‌తో ఏడాదికి 25 లక్షల సార్లు ఆత్మరక్షణ జరుగుతోందని హక్కుల వాళ్లు 1990లనాటి ఒక ఫోన్ సర్వే చూపిస్తారు. నేర బాధితులపై ప్రభుత్వం చేసే సర్వేలో అది లక్ష కూడా దాటదు. ఈ తగువు తేలేది కాదు. తగువు లేని లెక్క ఒకటుంది. 2023లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 46,728. అందులో 27 వేలకు పైగా ఆత్మహత్యలు. వార్తల్లో వచ్చేది మాల్, స్కూలు. లెక్కలో పెద్ద భాగం పడకగది. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మంది వివరాలను పన్నెండేళ్ల పాటు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్లలో తుపాకీ ఆత్మహత్యలు లేనివాళ్ల కంటే ఎనిమిది రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు ఎక్కువగా కనిపించాయి. గన్ మనిషికి దిగులు తెప్పించదు. కాకపోతే దిగులు పతాకస్థాయిలో ఉన్న ఆ పది నిమిషాలు గడిచిపోయే అవకాశం ఇవ్వదు. తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో పదికి తొమ్మిది ప్రాణం తీస్తాయి. లేఆఫ్ అయి, ఇంటి లోన్ మీద పడి, ఊళ్లో వాళ్లకు చెప్పుకోలేక నలిగిపోతున్న మనిషి మన గ్రూపుల్లో లేడా? కాలేజీ అడ్మిషన్ రాలేదని గది తలుపు వేసుకున్న పిల్ల లేదా? అలాంటి ఇంట్లో గన్ ఉంటే వెంటనే బయటికి పంపించెయ్యండి, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యండి.

రాష్ట్రాల మాట కొంచెం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే తెలుగువాడు గన్ కొనాలంటే వేలిముద్రలు, గుర్తింపు కార్డు, ఒక్కో హ్యాండ్‌గన్‌కి విడి పర్మిట్. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండిన అర్హులు పర్మిట్ లేకుండానే నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. తుపాకీ మరణాలు న్యూజెర్సీలో లక్ష జనాభాకి ఐదు దగ్గర, టెక్సాస్‌లో పదిహేను దగ్గర. తేడా అంతా చట్టానిదే అనను. కానీ పర్మిట్ కోసం వారాలు ఆగాల్సి వస్తే, కోపంలోనో దిగులులోనో కొనేవాడు కొంచెం చల్లబడతాడు. ఈ విషయంలో నా ఓటు న్యూజెర్సీకే.

ఇంటి విషయంలో? ఊరికి దూరంగా మోటెల్ నడుపుతూ అక్కడే కాపురం ఉండి, పోలీసు రావడానికి అరగంట పట్టే చోట ఉన్న సిటిజన్‌కి, నెలనెలా రేంజ్‌కి వెళ్లే ఓపిక ఉంటే, సేఫ్‌లో ఒక గన్ తప్పనను. సబర్బ్‌లో పిల్లలతో, వచ్చిపోయే పెద్దవాళ్లతో ఉండే ఇంటికి వద్దంటాను. మంచం పక్క పిస్టల్ ఎవరికీ వద్దు.

మీరు కొనకపోయినా ఒక పని మిగులుతుంది. పిల్లల్ని స్నేహితుల ఇంటికి స్లీప్‌ఓవర్‌కి పంపేటప్పుడు వేరుశెనగ అలెర్జీ గురించి చెబుతారు కదా. అదే ఫోన్‌లో, అంతే మామూలు గొంతుతో, "మీ ఇంట్లో గన్ ఉందా? తాళం వేసి ఉంటుందా?" అని కూడా అడగండి. ఇలా అడిగే అమెరికన్ తల్లులు ఉన్నారు, అక్కడ చాలామంది తప్పుగా అనుకోరు. మొహమాటం మనకే.